కొస తడిసిందా?

మా ఊరి బస్టాపు పక్కన ఒక బోర్డు పెట్టారు. దాన్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. తిరుత్తణి బస్సు కోసం రోజూ పొద్దున దాని కిందే నిలబడాలి కాబట్టి రోజూ పొద్దున మండుతుంది. బస్సు ఆలస్యమైతే ఎక్కువ మండుతుంది. తిరుత్తణిలో లోకల్ ట్రైన్ ఎక్కి తిరువళ్లూరులో దిగి, బడికి పోయి, పిల్లలకు మొదటి పాఠం మొదలుపెట్టేదాకా ఆ మంట తగ్గదు. పాపం పిల్లలు, పంతులమ్మకు పొద్దున్నే అంత కోపం ఎందుకో వాళ్లకు తెలియదు.

బోర్డు మీద తమిళంలోనూ ఇంగ్లీషులోనూ ‘ఏటి ఒడ్డు వారసత్వ గ్రామం’ అని ఉంటుంది. ఇంట్లో అందరం తెలుగే మాట్లాడే ఊరు. తెలుగులో మాత్రం ఒక్క ముక్క లేదు. సరే, మా పిల్లలే తెలుగు చదవలేరు, బోర్డును అని ఏం లాభం? కింద చూడదగినవి వరసగా రాశారు: ఏటి మెట్లు, రాతి మండపం, వీరగల్లు, చేపలు చెక్కిన పాత తూము, మామిడి తోపు, పల్లె భోజనం. అన్నిటికీ పైన పెద్ద బొమ్మ. అందులో ఏరు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు నిండుగా పారుతుంటుంది. మధ్యలో ఒక పుట్టి, అందులో గెడ పట్టుకుని ఒక ముసలాయన. మా కుశస్థలి ఏట్లో పుట్టి వేసిన మనిషిని నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. వానలు బాగా పడితే ఐప్పసి, కార్తీక నెలల్లో కొన్నాళ్లు పారుతుంది, తర్వాత ఇసక. ఆ ఇసక మీదే మేం ఆడుకున్నాం, వడ్లు ఆరబోసుకున్నాం, పెళ్లి భోజనాలు వడ్డించుకున్నాం. మాకు అదే ఏరు. అందులో నీళ్లు లేవని మేమెప్పుడూ సిగ్గుపడలేదు.

సిగ్గుపడటం మొదలుపెట్టింది మా మామ. సొంత మేనమామ కాదు, వరసకు మామ. చెన్నైలో ఇళ్ల స్థలాల వ్యాపారం చేసి, పేరు కూడా కావాలనిపించి ఊరికి తిరిగొచ్చాడు. ఏటి గట్టున పాత పెంకుటిల్లు బాగుచేయించి, నగరం వాళ్లు శని ఆదివారాలు వచ్చి ఉండేటట్టు చేశాడు. వాళ్లకు చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. ఆ ఏదో ఒకటి మేమే.

వచ్చేవాళ్లు మంచివాళ్లే, అది కూడా చెప్పాలి. మజ్జిగ ఇస్తే దండం పెడతారు. ముసలివాళ్లు మంచాల మీద కూర్చుని పొగాకు నములుతుంటే అడిగి ఫోటో తీసుకుంటారు. వీరగల్లు దగ్గరికి పిలుచుకుపోయి చూపించడానికి మైకు పట్టుకున్న ఒక అమ్మాయిని పెట్టారు. ఆ రాతి మీద కింద నాలుగు వరసల అక్షరాలుంటాయి. “ఈ లిపి చదవగలిగేవాళ్లు ఇప్పుడెవరూ లేరు” అని ఆ అమ్మాయి ప్రతి గుంపుకూ చెబుతుంది. ఒక ఆదివారం నేను అక్కడే ఉన్నాను. “నేను చదువుతాను మ్మా, అది తెలుగే” అన్నాను. కొంచెం పాత తెలుగు, ఒకటి రెండు చోట్ల తడబడాలి, అంతే. చెరువు కట్ట తెగిన రోజున గండికి అడ్డంపడి చచ్చిపోయిన ఒక మనిషికి ఊరివాళ్లు నిలిపిన రాయి అది. ఆ అమ్మాయి నవ్వి, “అట్లా చెబితే వాళ్లకు ఆసక్తి ఉండదు మేడమ్” అంది. మనిషి నీళ్లు పోకుండా ఆపి చచ్చిపోతే ఆసక్తి ఉండదట. చదవలేకపోతే ఉంటుందట.

ఇంతకీ ఆ చెరువు సంగతి చెప్పాలి, ఎందుకంటే నా కోపమంతా అక్కడే ఉంది.

మా చెరువుకు ఒకటే తూము. తూము నుంచి ఒకటే కాలువ. మొదట్లో ఉన్న మడికి నీళ్లు అడక్కుండానే వస్తాయి. కొసన, ఏటి గట్టు పక్కన ఉన్న మడికి అడిగినా రావు. ఈ గొడవ తీర్చడానికి మా పెద్దవాళ్లు ఎప్పుడో ఒక కట్టుబాటు పెట్టారు. తూము తెరిచే సాధనం కొసమడి వాళ్ల ఇంట్లోనే ఉండాలి. వెనకటి రోజుల్లో అది కొయ్య. ఇనుప షట్టర్ వచ్చాక దాన్ని తిప్పే పిడి. పిడి తగిలించకపోతే షట్టర్ కదలదు. తడి పెట్టే రోజున ఆ ఇంటివాళ్లే తూము తెరవాలి. అన్ని మళ్లూ తడిశాక కాలువ మీది రైతుల్లో ఒకరు వాళ్ల గడప ముందుకొచ్చి “కొస తడిసిందా?” అని అడగాలి. “తడిసింది” అంటేనే తూము మూత. ఎవరికి అన్నిటికంటే ముందు దెబ్బ తగులుతుందో వాళ్ల చేతిలో తాళం పెట్టారు. ఇంతకంటే తెలివైన ఏర్పాటు నేను ఏ ఆఫీసులోనూ చూడలేదు.

ఆ కొసమడి మాది. మాకు అన్నదమ్ములు లేరు. నాన్న పోయాక మడి అక్క చేతికొచ్చింది, దాంతోపాటు పిడీ వచ్చింది. బావ పోయాక అక్క బతుకంతా ఆ మడే. నేను జీతం మనిషిని, ఒకే ఇంట్లో ఉన్నా నాకు నాటు తెలియదు, కోత తెలియదు. అక్కకు తప్ప ఇంకెవరికీ ఆ గట్టు మీద హక్కు లేదని నాకు తెలుసు. పిడిని ఆమె దేవుడి గూటి పక్కన మేకుకు తగిలించేది. శుక్రవారం దేవుడికి పెట్టిన పసుపే దానికీ పెట్టేది. వరి కోత అయ్యేదాకా అది తడికి తప్ప గడప దాటదు.

ఈ ఏడు నవరై పంటకు, అంటే సంక్రాంతికి ముందు నాటిన వరికి, చెరువులో నీళ్లు తక్కువ. మాసి నెలకల్లా వరి పాలు పోసుకుంటోంది. ఆ దశలో నీళ్లు తప్పితే గింజ తాలైపోతుంది. చెరువులో ఉన్న నీళ్లు ఇంకో రెండు తడులకు సరిపోతాయని అక్క లెక్క. “ఆ రెండూ పడితే గట్టెక్కినట్టే” అని రోజూ సాయంత్రం అనేది. నాతో అన్నట్టు ఉండదు, గోడతో అన్నట్టు ఉండేది.

సరిగ్గా అప్పుడే మామ తిరువిళా తలపెట్టాడు. ‘ఏటి పండగ’ అన్నాడు. మా ఊళ్లో అట్లాంటి పండగ ఎన్నడూ లేదు. వారసత్వం లేనిచోట కొత్తగా చేయించడంలో తప్పేమీ కనబడలేదు ఆయనకు. చెన్నై నుంచి రెండు బస్సుల నిండా మనుషులొస్తున్నారు, పత్రికలవాళ్లొస్తున్నారు అని ఊరంతా చాటింపు. అంతకుముందు వచ్చిన ఒక గుంపులో ఎవరో మెట్ల మీద నిలబడి ఇసక వైపు చూసి, “ఏరు ఎక్కడండీ?” అని అడిగారట. ఆ ఒక్క మాట మామకు ముల్లై గుచ్చుకుంది.

పండగ నాలుగు రోజులుందనగా, సాయంత్రం పూట, అత్త మా ఇంటికొచ్చింది. అత్త అంటే మామ భార్య. చేతిలో ఇత్తడి పళ్లెం. పళ్లెంలో తమలపాకులు, వక్కలు, అరటిపళ్లు, పసుపు కొమ్ములు, మూర మల్లెపూలు.

మా వైపు తెలుగువాళ్లలో తాంబూలం పెట్టి అడిగితే లేదనకూడదు. పిల్లను అడిగినా, పొలం అడిగినా, పగవాడు వచ్చి అడిగినా సరే. పళ్లెం అందుకున్నావంటే మాట ఇచ్చినట్టే. అందుకని ఏం అడగబోతున్నారో తెలుసుకుని మరీ అందుకుంటారు. ఆ సంగతి అక్కకు నాకంటే బాగా తెలుసు. కానీ అత్త ముందు ఏమీ అడగలేదు. నేరుగా అక్క ముందుకొచ్చి, “కొంగు పట్టు మ్మే” అంది.

అక్క కొంగు పట్టింది. బావ పోయిన నాటి నుంచి ఊళ్లో ఏ పేరంటంలోనూ ఆమె చేతిలో తాంబూలం పెట్టినవాళ్లు లేరు. పెళ్లిళ్లలో వెనక వరసలో కూర్చునేది, ఆకు నా చేతికిచ్చి ఆమెను దాటిపోయేవాళ్లు. ఆ దాటిపోయినవాళ్లలో ఈ అత్త కూడా ఉంది.

తాంబూలం కొంగులో పడ్డాక అత్త నోరు విప్పింది. “మీ మామ పంపించినాడు. తిరువిళాకు మన ఊరి పాత సామాన్లన్నీ మండపంలో పెడతా ఉండారు. తూము పిడి లేకుంటే ఏం బాగుంటాది చెప్పు? ఒక్క దినం. సాయంత్రానికి నేనే తెచ్చిస్తాను.”

“మడి పంట మీద ఉండేటప్పుడు అది గడప దాటేది తడికే గదా అత్తా” అంది అక్క మెల్లగా.

“సుమ్మా, ఊరికే చూపించేదానికేలే మ్మే. తాంబూలం పెట్టి అడుగుతా ఉండాను, కాదనబాక.”

అక్క లోపలికిపోయి మేకు నుంచి పిడి తీసింది. పసుపు బొట్టు చెరగకుండా గుడ్డ చుట్టి ఇచ్చింది. అత్త పోయాక నేను అరిచాను. “ఎందుకిచ్చినావు? వాళ్ల సంగతి నీకు తెలీదా?” అన్నాను.

అక్క కొంగు ముడి విప్పలేదు. “నా కొంగులో ఆకేసినోళ్లు ఇన్నాళ్లలో యాడుండారు చెప్పు. ఎట్ల లేదనేది?” అంది.

ఆ మాట మామకు ముందే తెలుసు. అదీ నా కోపం. పిడి కావాలంటే మనిషిని పంపి అడగొచ్చు, అక్క ఇవ్వనంటుంది, అయిపోతుంది. ఆయన అక్క పుండు ఎక్కడుందో వెతికి, సరిగ్గా అక్కడ పూలు పెట్టించాడు. ఒక కట్టుబాటును తాడు చేసి ఇంకో కట్టుబాటును కట్టేశాడు. చదువుకున్న దొంగలు తాళాలు పగలగొట్టరు.

పండగ శనివారం వచ్చింది. పబ్లిక్ పరీక్షల పిల్లలకు ప్రత్యేక తరగతులుండి నేను బడికి పోయాను. మధ్యాహ్నం దాటాక బస్సు వంతెన ఎక్కుతుంటే కిటికీ పక్కన కూర్చున్నామె “అయ్యో, ఏట్లో నీళ్లు!” అంది. చూశాను. మెట్ల కింద ఇసకలో పిల్ల కాలువల్లాగ నీళ్లు పారుతున్నాయి, ఎండకు మెరుస్తున్నాయి. పిల్లలు చిందులేస్తున్నారు. నగరం ఆడవాళ్లు చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని నీళ్లలో నిలబడి ఫోటోలు దిగుతున్నారు. ఎక్కడి నుంచి తెచ్చారో, ఒక పుట్టి కూడా ఇసకలో ఒరిగి ఉంది. వాన లేదు, పైన ఆనకట్ట విప్పినట్టు కబురు లేదు. ఆ నీళ్లు ఎక్కడివో అర్థమయ్యేసరికి అరికాలి మంట నెత్తికెక్కింది. స్టాపు రాకముందే బస్సు ఆపించి దిగిపోయాను.

పోయి చూస్తే కొసమడికి గట్టు లేదు. తూము పూర్తిగా ఎత్తితే వచ్చే నీళ్లు కాలువ కొసన ఉన్న చిన్న దారిలో పట్టవు కాబట్టి, ఏటిలోకి తొందరగా దిగాలని పారలతో రెండు పక్కలా గట్టు తెగ్గొట్టారు. నీళ్లు మడి నడిమధ్యగా పోయాయి. పాలు పోసుకున్న వరి బురదలో పడుకుంది. పైగా ఏటిలోకి దిగడానికి అదే దగ్గర దారని జనం దాని మీదుగా నడిచారు. వరి మీద చెప్పుల గుర్తులు. అక్క మడి మధ్యలో వంగి, పడిన దుబ్బును ఎత్తి నిలబెడుతోంది. నిలబెడితే మళ్లీ పడుతోంది. మళ్లీ ఎత్తుతోంది. నేను పిలిచినా తలెత్తలేదు.

నేను మండపానికి పోయాను. మామ తెల్ల పంచె, భుజాన కండువా, చేతిలో మైకు.

“నీళ్లు యాడివి మామా?” అన్నాను.

“చెరువువి. ఊరి నీళ్లు ఊరికి పేరు తెచ్చేదానికి కాకపోతే ఇంక దేనికి మ్మా?”

“మడి పైరు మీద ఉండాది. కొస తడిసిందా అని ఒక్కరైనా వచ్చి అడిగినారా?”

ఆయన నవ్వాడు. “బాగా తడిసింది గదా, పో చూడుపో” అన్నాడు.

పక్కనున్నవాళ్లు కూడా నవ్వారు. ఆ నవ్వినవాళ్లంతా కాలువ మీది రైతులే. తూము ఎత్తినప్పుడు నీళ్లు ముందు వాళ్ల మళ్లు దాటే కదా కిందికి రావాలి. దారిలో వాళ్లందరూ నిండా తాగించుకున్నారు, రెండు తడుల నీళ్లు ఒక్కసారే. అందుకే ఒక్కడూ నోరెత్తలేదు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. ఇక్కడ పిల్లి ఒక్కటే అయితే నేను ఇంత బాధపడను. ఊరంతా పిల్లే అయింది. వాళ్ల వెనకే వీరగల్లు ఉంది. దాని మెడలో ఆ రోజు కొత్త పూలదండ. ఏ నీళ్లను ఆపడానికి అతను చచ్చాడో ఆ నీళ్లను ఇసకలో పోసి, అతనికి దండ వేశారు. నాకు ఏడుపు రాలేదు. రాయి తీసి ఎవరి నెత్తిన వేద్దామా అనిపించింది.

మర్నాటికి ఏరు మళ్లీ ఇసక. చెరువులో నీళ్లు తూము మట్టానికి కిందికి పోయాయి, ఇక పిడి తిప్పినా చుక్క రాదు. పడిపోగా నిలిచిన వరి వారం రోజుల్లో తెల్లగా తాలైపోయింది. అక్క దాన్ని కోసి పక్కింటి ఆవులకు వేసింది. ఊళ్లో కొందరు వచ్చి “దైవ ఘటన” అన్నారు. దైవం మైకు పట్టుకుని తిరుగుతుందని నాకు అప్పుడే తెలిసింది.

పిడి సాయంత్రానికి తెచ్చిస్తానన్న అత్త సాయంత్రానికీ రాలేదు, మర్నాడూ రాలేదు. మండపంలో గాజు పెట్టెలో పెట్టి, చిన్న దీపం వెలిగించారు. “కొసమడివాళ్ల గౌరవ చిహ్నం” అని రాశారట. నేను పంచాయితీ పెడదామన్నాను. పోలీసు స్టేషన్‌కు పోదామన్నాను. అక్క అన్నిటికీ “ఉండు” అంది. ఆ ‘ఉండు’ వినీ వినీ నాకు అక్క మీద కూడా కోపమొచ్చింది. ఒకరోజు అన్నం ముందు నుంచి లేచిపోయాను కూడా.

ఒక ఆదివారం పొద్దున అక్క తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, అటక మీది ఇత్తడి పళ్లెం దించింది. చింతపండు వేసి తోమింది. తమలపాకులు, వక్కలు, పసుపు కొమ్ములు పేర్చింది. “యాడికి?” అంటే, “నువ్వూ రా” అంది.

మేం మండపానికి చేరేసరికి ఒక గుంపు కూర్చుని ఉంది. మామ మైకులో మా సంప్రదాయాల గురించి చెబుతున్నాడు. పండగ తర్వాత కొత్తగా చేర్చుకున్న మాట ఒకటుంది. “ఈ ఊళ్లో తాంబూలం పెట్టి అడిగితే శత్రువు కూడా లేదనడు. అదీ మా వారసత్వం.” ఆ మాట ఆయన వారం వారం చెబుతున్నాడని ఊరందరికీ తెలుసు. అక్కకూ తెలుసని నాకు అప్పుడర్థమైంది.

అక్క గుంపు మధ్యగా నడిచింది. మొగుడు లేని ఆడది తాంబూలం పట్టుకుని రావడం చూసి అత్త రెండడుగులు వెనక్కి పోయింది. మా వాళ్లెవరో “శివశివా” అన్నారు. అక్క పళ్లెం మామ ముందు చాచింది.

“మామా, తాంబూలం పెట్టి అడుగుతా ఉండాను. నా పిడి నాకియ్యి.”

మామ మొహం నల్లబడింది. ఒక్క క్షణమే. అంతమంది ముందు, తన నోటితోనే చెప్పిన మాట గాలిలో ఇంకా ఉండగా, ఏం చేస్తాడు? వ్యాపారస్తుడు కదా, వెంటనే తేరుకున్నాడు. పళ్లెం అందుకుని, మైకులో “చూడండి, మా సంప్రదాయం మీ కళ్ల ముందే!” అన్నాడు. గాజు పెట్టె తెరిచి పిడి తీసి అక్క చేతిలో పెట్టాడు. గుంపంతా చప్పట్లు కొట్టింది. ఇదీ కార్యక్రమంలో భాగమే అనుకున్నారు వాళ్లు. ఆ చప్పట్లు నా చెవుల్లో ఇప్పటికీ మోగుతుంటాయి. అక్క ఎండిపోయిన మడికి, తాలైపోయిన పైరుకు, బావ పోయినప్పటి నుంచి మోసిన అవమానానికి వాళ్లు చప్పట్లు కొట్టారు. ఒకాయన ఈల కూడా వేశాడు.

అక్క పిడిని కొంగుతో తుడిచింది. అద్దం వెనక ఉన్నన్నాళ్లలో పసుపు బొట్టు ఎవరో కడిగేశారు. మెట్లు దిగబోతుంటే ఒకామె ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చింది, తెలుగావిడే, చెన్నైలో ఉంటుందట.

“అమ్మా, సారీ అమ్మా, నేను వీడియో ఆన్ చేయలేదు. ఆ పిడి ఒక్కసారి మళ్లీ ఆయన చేతికిచ్చి, మళ్లీ తీసుకుంటారా? ప్లీజ్” అంది.

నేను నోరు తెరవబోయాను. అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఆమె మొహంలోకి చూసింది, కోపంగా కూడా కాదు.

“ఇంకోతూరి ఇచ్చేదానికి నాకాడ ఇంకో పైరు లేదమ్మా” అని, పిడి భుజాన వేసుకుని ఇసకలోకి దిగింది.